బొమిక ఇరుక్కుందా? కుక్క దగ్గినా డోకులు పెట్టుకున్నా ముందు చూడాల్సినవి

సంక్రాంతికి ఒంగోలు వెళ్లి బెంగళూరు తిరిగొచ్చిన నాలుగో రాత్రి. ఒంటిగంట దాటింది. హాల్లోంచి ఎవరో బాతు పీక నొక్కుతున్నట్టు చప్పుడు. లైటు వేసి చూస్తే మా కుక్క లక్కీ ముందు కాళ్లు ఎడంగా పెట్టి, మెడ ముందుకు చాచి, ఒళ్లంతా కుదిపేసుకుంటూ దగ్గుతోంది. నాలుగైదు దగ్గులయ్యాక లోపలినుంచి ఏదో బయటికి తోస్తున్నట్టు ఒక పెద్ద డోకు. టైల్సు మీద చెంచాడు తెల్లటి నురగ. మళ్లీ మొదలు.

"బొమికేదో ఇరుక్కుందే అమ్మాయ్, నోరు తెరిచి చూడు" అంది మా అత్తయ్య. మా ఆయన ఫోన్ టార్చి పట్టుకున్నాడు. నేను లక్కీ దవడలు విడదీసి రెండు వేళ్లు లోపలికి పోనిచ్చాను. జారిపోయే నాలుక, వేడి ఊపిరి. వేళ్లకి ఏమీ తగల్లేదు.

పొద్దున్నే క్లినిక్కుకి పరిగెత్తాం. చీటీ రాసే అబ్బాయి కన్నడంలో మొదట అడిగింది ఒక్కటే: "కెమ్మా, వాంతీనా?" దగ్గా, వాంతా అని. నేను "రెండూ" అన్నాను. డాక్టరు గారు తెలుగాయనే, అనంతపురం వైపు. లక్కీ మెడ కింద గాలి గొట్టం మీద రెండు వేళ్లతో మెల్లగా ఒత్తారు. అంతే, రాత్రి దగ్గిన దగ్గే మళ్లీ దగ్గింది. "పండక్కి కుక్కని ఎక్కడ వదిలి వెళ్లారమ్మా?" అని అడిగారు. బొమిక మాటే ఎత్తలేదు.

"గొంతులో ఏదో ఇరుక్కుంది." కుక్కలున్న ఇళ్లలో అందరికీ మొదట తట్టే మాట ఇదే. ఎక్కువసార్లు అది నిజం కాదు. నిజం కాకపోతే పోనీలే అనుకోవడానికీ లేదు. ఆ ఒక్క మాట చాటున రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గే జబ్బు ఉండొచ్చు, గంటల్లో ప్రాణం తీసేది ఉండొచ్చు, నోట్లో చెయ్యి పెట్టిన మనకే ముప్పు తెచ్చేదీ ఉండొచ్చు. ఏది ఏదో ఇంట్లో కొంతవరకు పోల్చుకోవచ్చు. అది నేర్చుకుని తీరాలని నాకు ఆ రాత్రి తర్వాత గట్టిగా అనిపించింది.

మన మాటల్లోనే తేడా ఉంది

ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న చిన్నదేమీ కాదు. కుక్క గొంతు ఒక కూడలి. అక్కడినుంచి ఊపిరితిత్తులకి ఒక గొట్టం, పొట్టకి ఇంకో గొట్టం. చప్పుడు ఏ గొట్టంలోంచి వస్తుందన్న దాన్ని బట్టే వైద్యం మారిపోతుంది. తెలుగులో మనకి దగ్గు, పొలమారడం, డోకు, వాంతి అని వేరువేరు మాటలున్నాయి. మనుషుల విషయంలో ఇవి కలగాపులగం చెయ్యం. కుక్క దగ్గరికి వచ్చేసరికి అన్నిటినీ "కక్కుతోంది" అనేస్తాం.

దగ్గులో పని చేసేది ఛాతీ. గాలి విసురుగా బయటికొస్తుంది, చివర్లో డోకు వచ్చి కాస్త నురగో జిగురో పడొచ్చు. ఆ నురగ చూసే వాంతి అని పొరబడతాం. వాంతిలో పని చేసేది పొట్ట. ముందు చొంగ కారుతుంది, మూతి నాక్కుంటుంది, అటూ ఇటూ తిరుగుతుంది, తర్వాత డొక్కలు లోపలికీ బయటికీ ఎగిరి, సగం అరిగిన తిండో పసుపు పసరో పడుతుంది. మూడోది ఇంకా ఉంది, దానికి మనం విడిగా పేరు పెట్టుకోలేదు: పొట్ట ఏమాత్రం కదలకుండా, తల వంచగానే తిన్న అన్నం తిన్నట్టే జారి పడిపోవడం. అది అన్నవాహికలో ఇబ్బంది. తిండి పొట్టదాకా చేరనే లేదన్నమాట.

ఇక పొలమారడం. మనకి పొలమారితే నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం. కుక్కకి ఎప్పుడో ఒకసారి పొలమారితే అంతే అనుకోవచ్చు. నీళ్లు తాగిన ప్రతిసారీ పొలమారుతుంటే మాత్రం ఊరుకోకండి. ముసలి లాబ్రడార్లలో స్వరపేటిక తలుపులు సరిగా తెరుచుకోక, మూసుకోక ఇలా అవుతుంది. మొరుగు బొంగురుపోతుంది, ఎండలో నడిస్తే ఊపిరి గరగరలాడుతుంది. అలాంటి కుక్కకి తాగిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావడం ఎంతోసేపు పట్టదు.

పండగ తర్వాత దగ్గు

లక్కీకి వచ్చింది కెన్నెల్ కాఫ్, గుంపుగా ఉంచిన కుక్కల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే దగ్గు. బెంగళూరులో మనవాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు దసరా తర్వాతా సంక్రాంతి తర్వాతా ఈ దగ్గు ఎందుకు వినిపిస్తుందో ఆలోచిస్తే తెలిసిపోతుంది. అందరం ఒకేసారి ఊళ్లకి పోతాం, మన కుక్కలన్నీ ఒకేసారి బోర్డింగుల్లో, అంటే మనం లేనప్పుడు కుక్కల్ని ఉంచుకునే చోట్లలో, చేరతాయి. ఒకటి దగ్గితే తుంపర్లలో, కలిసి తాగే నీళ్ల గిన్నెలో మిగతావాటికి అంటుకుంటుంది. బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా, అడినోవైరస్-2 లాంటి వైరసులు, ఒకటిగానో రెండు మూడు కలిసో గాలి గొట్టం లోపలి పొరని పుండు చేస్తాయి. అంటుకున్న 2 నుంచి 14 రోజుల్లో దగ్గు మొదలవుతుంది. అందుకే బోర్డింగులోంచి తెచ్చుకున్న రోజు కుక్క శుభ్రంగా ఉంటుంది, మనం దాన్ని మర్చిపోయాక దగ్గుతుంది.

దీని గుర్తు దగ్గు చప్పుడు కంటే దగ్గుకీ దగ్గుకీ మధ్య కుక్క ఎలా ఉందన్నదే. లక్కీ దగ్గు ఆపగానే తోక ఊపింది, పొద్దున పెరుగన్నం గిన్నె నాకేసింది. తింటోంది, ఆడుతోంది, జ్వరం లేదు అంటే చాలామటుకు ఒకటి నుంచి మూడు వారాల్లో సర్దుకుంటుంది. పరుగులు మాన్పించడం, మెడ బెల్టు తీసేసి ఛాతీకి కట్టే హార్నెస్ వెయ్యడం, స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి ఆ ఆవిరిలో పదినిమిషాలు కూర్చోబెట్టడం, మాకు చెప్పినవి ఇవే. అవసరమైతే యాంటీబయాటిక్ రాస్తారు, ప్రతి కుక్కకీ అక్కర్లేదు. ఆ రెండు మూడు వారాలూ పార్కుకి తీసుకెళ్లకుండా, లిఫ్టులో వేరే కుక్కతో ఎక్కకుండా ఉండటం మన వంతు. మూడు నెలల పిల్ల, పదేళ్ల ముసలిది, మొహం చప్పిడిగా ఉండే పగ్, షిట్జూ లాంటివి అయితే మాత్రం ఇదే దగ్గు న్యుమోనియాగా దిగొచ్చు. వాటికి "చూద్దాంలే" పనికిరాదు.

ఏటా వేయించే టీకాలో సాధారణంగా బోర్డెటెల్లా ఉండదు. దాన్ని విడిగా ముక్కులో చుక్కలుగా గానీ ఇంజెక్షనుగా గానీ వేస్తారు. ఊరెళ్లే ముందురోజు వేయించి లాభం లేదు. టికెట్లు బుక్ చేసిన రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

ఇక్కడే ఇంకో మాట. వీధిలోంచి తెచ్చుకున్న పిల్లకి దగ్గుతో పాటు కళ్లలో, ముక్కులో పచ్చటి చీము, జ్వరం, విరేచనాలు ఉంటే కెన్నెల్ కాఫ్ అనుకోవద్దు. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కావచ్చు. తర్వాత తల, కాళ్లు అదరడం, మూర్ఛలు రావచ్చు. ఆ వైరస్‌ని చంపే మందు లేదు, ఆసరా వైద్యమే. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేసే టీకాలే దానికి అడ్డుకట్ట.

నిజంగా ఇరుక్కుంటే

ఇరుక్కోదని కాదు. ఆదివారం బిర్యానీలో మిగిలిన కోడి బొమికలు కుక్కకి వేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఉడికిన బొమిక పెళుసుగా చీలి సూదుల్లా అవుతుంది. ఇరుక్కున్న కుక్క పంజాతో మూతి గీరుకుంటుంది, చొంగ ధారగా కారుస్తుంది, మింగబోయి ఆగిపోతుంది. తెలుసుకోవాల్సింది ఏంటంటే, గట్టిగా దగ్గుతున్న కుక్కకి గాలి ఆడుతున్నట్టే. దాని నోట్లో గుడ్డిగా వేళ్లు పెడితే ఉన్నదాన్ని ఇంకా లోపలికి తోస్తాం. నేను చేసింది అదే తప్పు.

చప్పుడు ఆగిపోయి, నాలుక నీలంగా మారి, కాళ్లు తేలిపోతున్నప్పుడు మాత్రం ఆలస్యం కుదరదు. నోరు తెరిచి చూడండి. కంటికి కనబడి, చేతికి అందేలా ఉంటేనే లాగండి. లేకపోతే చిన్న కుక్కని వెనక కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తండి. పెద్దదయితే వెనక నిలబడి, పక్కటెముకలు ముగిసే చోట పిడికిలి పెట్టి లోపలికి, తల వైపుకి విసురుగా నొక్కండి. ఇవన్నీ అక్కడికక్కడే మొదలుపెట్టి, బండి ఎక్కిస్తూ కూడా చేసేవి. వచ్చేసినా డాక్టరుకి చూపించాలి. నోట్లోంచి దారం వేలాడుతుంటే లాగొద్దు. అవతలి కొనకి సూది ఉండొచ్చు, పేగుల్లో చుట్టుకుని ఉండొచ్చు.

డోకులే తప్ప ఏమీ రాకపోతే

గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, సెయింట్ బెర్నార్డ్, డాబర్‌మాన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలు పెంచేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. కడుపునిండా తిన్న కొన్ని గంటలకి కుక్క ఒకచోట నిలవదు. మాటిమాటికీ వాంతికి ప్రయత్నిస్తుంది, చొంగ తప్ప ఏమీ రాదు. డొక్క ఉబ్బి, తడితే డప్పులా మోగుతుంది. పొట్ట గాలితో ఉబ్బి మెలితిరిగిపోయిందన్నమాట. రెండు వైపులా దారి మూసుకుంది, గుండెకి రక్తం తిరిగి రావడం తగ్గిపోయింది. దీనికి సోడా, జీలకర్ర నీళ్లు, పొద్దున్నదాకా ఆగడం ఏవీ లేవు. గంటల్లో ఆపరేషన్ జరగాలి. మన ప్రాంతంలో అర్ధరాత్రి కుక్కకి ఆపరేషన్ చేసే చోటు ఎక్కడుందో ఈరోజే కనుక్కుని నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించుకోండి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గూగుల్ చేసుకునే పని కాదది.

చెయ్యి పెట్టే ముందు

"బొమిక ఇరుక్కుంది" అన్న మాటంటే నాకు భయం పుట్టించింది ఈ సంగతి. రేబిస్ అనగానే నురగలు కక్కుతూ మీద పడే కుక్క కళ్లముందుకొస్తుంది. అలా కాక నెమ్మదిగా వచ్చే రేబిస్ ఒకటుంది. కుక్క మూలన కూర్చుంటుంది. కింది దవడ జారిపోతుంది, నోరు మూసుకోలేదు, చొంగ కారుతుంది, మింగలేదు. మొరుగు మారిపోతుంది. చూసినవాళ్లకి అచ్చం గొంతులో ఏదో అడ్డుపడి బాధపడుతున్నట్టే ఉంటుంది. పాపం అని నోట్లో చెయ్యి పెడతారు. వైరస్ ఉండేది ఆ చొంగలోనే. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు.

రేబిస్ టీకా తప్పకుండా వేయించిన ఇంటి కుక్కకి ఈ అవకాశం చాలా తక్కువ. కానీ టీకా సంగతి తెలియని కుక్క, వీధిలో మనం అన్నం పెట్టే కుక్క, ఈమధ్య ఎక్కడో కొట్లాడి వచ్చిన కుక్క దవడ వేలాడేసి చొంగ కారుస్తుంటే చెయ్యి పెట్టొద్దు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వొద్దు, తెలిసినవాళ్లకి కబురు చెయ్యండి. అప్పటికే చెయ్యి పెట్టేశారా? సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి, అదేరోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోండి. లక్షణాలు కనిపించాక మనిషికైనా కుక్కకైనా దాదాపు మరణమే. లక్షణాలు రాకముందు టీకా కాపాడుతుంది. కుక్క ఇంకా బతికే ఉంది కదా, పది రోజులు చూద్దాం అని టీకా ఆపుకోవద్దు. వేయించుకుంటూనే గమనించాలి.

పేడ పురుగు కథ

దగ్గు గురించి బయటిదేశాల వాళ్లు రాసిన వాటిలో దోమలవల్ల వచ్చే గుండె పురుగు ముందు వరసలో ఉంటుంది. మన దేశంలో అది ఎక్కువగా ఈశాన్య రాష్ట్రాల్లో కనిపిస్తుంది. ఇక్కడ మనం పట్టించుకోవాల్సిన పురుగు వేరేది, స్పైరోసెర్కా. దీని గుడ్లు కుక్క పెంటలో పడతాయి, పేడ పురుగు వాటిని తింటుంది. ఆ పేడ పురుగునో, దాన్ని తిన్న బల్లినో కోడినో కుక్క తింటే లోపలి పిల్ల పురుగులు పొట్ట గోడలోంచి రక్తనాళాల వెంట పాక్కుంటూ గుండె దగ్గరి పెద్ద ధమని గోడలోకి చేరి, కొన్ని నెలలు అక్కడుండి, చివరికి అన్నవాహిక గోడలో గడ్డ కట్టుకుని స్థిరపడతాయి. అప్పుడు కుక్క మింగేటప్పుడు ఇబ్బంది పడుతుంది, అన్నం వెనక్కి జార్చేస్తుంది, చిక్కిపోతుంది. కొన్నిటిలో ఆ గడ్డ క్యాన్సరుగా మారుతుంది. ఆవులు రోడ్డు మీదే పడుకునే మన పేటల్లో, వాకింగుకి వెళ్లి దొరికిందల్లా నోట్లో వేసుకునే కుక్క వారాల తరబడి డోకులు పెట్టుకుంటూ బరువు తగ్గుతుంటే, "దీనికి స్పైరోసెర్కా ఏమైనా ఉందేమో చూస్తారా" అని మీరే అడగండి. కుక్క పెంట పరీక్షలో గుడ్లు అన్నిసార్లూ దొరకవు, ఎక్స్‌రే, ఎండోస్కోపీ అవసరపడతాయి.

పగ్ కుక్కలున్నవాళ్లకి ఒక చిన్న ధైర్యం. కదలకుండా నిలబడి, ముక్కుతో గాలి లోపలికి గుర్రుగుర్రుమని లాక్కుని, అరనిమిషంలో ఏమీ ఎరగనట్టు మామూలైపోతే అది వెనక్కి వచ్చే తుమ్ము. గొంతు మీద మెల్లగా నిమిరితే తగ్గుతుంది. చెన్నైలో మా చెల్లి వాళ్ల పగ్‌కి భోగి పొద్దున మంటల పొగకి ఇదే వస్తుంది. తలుపులు మూసి లోపల ఉంచుతారు. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల కాయిల్ పొగ కూడా అంతే. దగ్గే కుక్క ఉన్న ఇంట్లో కొన్నాళ్లు దేవుడికి దీపం సరిపోతుంది.

మిరియాల కషాయం వద్దు

మా అత్తయ్య ప్రేమతోనే కాచింది, నేనే ఆపాను. దగ్గుతున్న కుక్క దవడ పట్టుకుని గొంతులో ఏది పోసినా, కషాయమైనా మందు సిరపైనా, సగం గాలి గొట్టంలోకి దిగే ప్రమాదముంది. మనుషుల దగ్గు మందులు అసలే వద్దు. కొన్నిటిలో పారాసిటమాల్ ఉంటుంది, ముక్కు దిబ్బడ తగ్గించే మందులుంటాయి. చక్కెర లేని వాటిలో జైలిటాల్ ఉండొచ్చు, అది కుక్క రక్తంలో చక్కెరని ఒక్కసారిగా పడగొడుతుంది. ఛాతీకి రాసే బామ్‌లో కర్పూరం ఉంటుంది, కుక్క దాన్ని నాకకుండా ఊరుకోదు.

మరి ఎప్పుడు పరిగెత్తాలి? దగ్గు లేనప్పుడు కూడా ఊపిరి కష్టంగా ఉంటే, పడుకోలేక మెడ చాచి మోచేతులు ఎడంగా పెట్టి కూర్చుంటే, చిగుళ్లు తెల్లగానో నీలంగానో ఉంటే (నల్ల చిగుళ్ల కుక్కకి నాలుక చూడండి), దగ్గులో రక్తం పడితే, కళ్లు తిరిగి పడిపోతే అప్పటికప్పుడే. తిండి మానేసినా, ఒళ్లు 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా అదేరోజు. మిగతా అన్నీ బాగుండి దగ్గు వారం దాటినా, తగ్గి మళ్లీ వచ్చినా చూపించాలి. వెళ్లేటప్పుడు ఫోనులో దగ్గు వీడియో తీసుకెళ్లండి, ఎందుకంటే డాక్టరు ముందు కుక్క చాలాసార్లు దగ్గదు.

మాస్టారి క్యాలెండరు

మా కింది అంతస్తులో నెల్లూరు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న రిటైర్డ్ మాస్టారున్నారు. ఆయన స్పిట్జ్‌కి పన్నెండేళ్లు. అందరం పామరేనియన్ అనే పిలుస్తాం. గేటు దగ్గర ఎవరైనా కనబడితే సంతోషంతో గొలుసు లాగి, బాతులా దగ్గేది. చిన్న జాతుల్లో గాలి గొట్టాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి కమ్ములు వయసుతో మెత్తబడి గొట్టం చప్పిడిపోతుంది. మెడ బెల్టు, ఒళ్లు పెరగడం, ఎండ దాన్ని పెంచుతాయి. మాస్టారు హార్నెస్ వేశారు, బిస్కెట్లు మాన్పించారు. పగటి దగ్గు తగ్గింది.

తర్వాత రాత్రిళ్లు కొత్త దగ్గు మొదలైంది. స్టెతస్కోపు పెడితే గుండెలో మర్మర్, అంటే గుండె చప్పుడుతో పాటు వినిపించే అదనపు చప్పుడు. ముసలి చిన్న కుక్కల్లో ఎడమవైపు కవాటం మందబారి సరిగా మూసుకోదు, రక్తం వెనక్కి కారి, గుండె పై గది ఉబ్బి పక్కనున్న గాలి గొట్టాలని నొక్కుతుంది. దగ్గు ఆ నొక్కుడు వల్ల రావచ్చు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వేరే మెట్టు, దాన్ని ముందు చెప్పేది దగ్గు కాదు, నిద్రలో ఊపిరి లెక్క. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ లేచి దిగితే ఒకటి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చెయ్యాలి. నిమిషానికి 30 లోపు ఉండాలి. వరసగా అంతకు మించుతుంటే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి, 40కి చేరుతుంటే బయల్దేరాలి.

మాస్టారు రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి వాచీ పెట్టుకుని లెక్కపెడతారు. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో, తిథి పక్కన పెన్సిలుతో సన్నగా రాస్తారు. 22, 24, 22, 26. మొన్న ఏకాదశి గడిలో 38 ఉంది. ఆ రాత్రి కుక్క దగ్గలేదు, ఒక మూల కళ్లు మూసుకుని ప్రశాంతంగానే పడుకుందట. అయినా కొడుకుని లేపి ఆటో పిలిపించారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలైందని ఎక్స్‌రేలో తేలింది. ఆక్సిజన్ పెట్టి, నీరు లాగే ఇంజెక్షన్ ఇచ్చి, మర్నాడు సాయంత్రం ఇంటికి పంపారు, మాత్ర మోతాదు పెంచి. త్రయోదశి గడిలో మళ్లీ 24.